చదువు అయ్యాక ఏ ఖాతా?

అమ్మాయి డిగ్రీ పాసైంది. పట్నంలో బట్టల కొట్టులో లెక్కలు రాసే పని దొరికింది. జీతం బ్యాంకులో వేస్తామన్నారు. "ఏ ఖాతా ఇవ్వాలమ్మా?" అని అడిగింది. తల్లి పెట్టెలోంచి పాసుబుక్కు తీసింది. కాలేజీలో చేరినప్పుడు తెరిచిన ఖాతా అది. చివరి తేదీ చదివింది. మూడేళ్లు దాటింది.

"ఇందులో ఉన్న డబ్బు పోయినట్టేనా?" అంది కూతురు.

పోదు. రెండేళ్లకు మించి డబ్బు వేయకుండా, తీయకుండా ఉంటే బ్యాంకువాళ్లు దాన్ని నడవని ఖాతాగా రాసుకుంటారు. ఆధార్ కార్డు, ఫొటో పట్టుకుని వెళితే మళ్లీ నడిపిస్తారు. అందుకు రుసుము తీసుకోకూడదు.

తల్లీకూతుళ్లు బ్యాంకుకు వెళ్లారు. అక్కడ తల్లి ఒకటే అడిగింది. "సారూ, ఇందులో ఎంత డబ్బు తప్పకుండా ఉంచాలి?"

అడగవలసిన మాట అదే. కొన్ని బ్యాంకుల్లో మామూలు పొదుపు ఖాతాలో ఇంత డబ్బు ఉండాలని షరతు ఉంటుంది. తగ్గితే జరిమానా కోస్తారు. ఆ షరతు లేని ఖాతా కూడా ఉంది. దాన్ని ప్రాథమిక పొదుపు ఖాతా అంటారు. సున్నా ఉన్నా జరిమానా లేదు. ఏటీఎం కార్డు ఉచితం. నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాలు ఈ రకానివే. బ్యాంకువాళ్లు తమంతట తాము చెప్పకపోవచ్చు. మొహమాటం లేకుండా అడగాలి.

యజమాని తెరిపించే జీతం ఖాతాలో కూడా సాధారణంగా ఈ షరతు ఉండదు. కానీ జీతం ఆగితే అది మామూలు ఖాతా అయిపోతుంది. పని మానినప్పుడు బ్యాంకులో కనుక్కోవాలి.

ఇంకో సంగతి. చదువైపోయి పని దొరకని పిల్లల దగ్గరికి కొందరు వస్తారు. "నీ ఖాతా, కార్డు మాకివ్వు. ఊరికే డబ్బులిస్తాం" అంటారు. ఊరికే ఎవరిస్తారు? ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బు ఆ ఖాతాలోకి వస్తుంది. పోలీసులు ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్లింటికే వస్తారు. ఖాతా ఆగిపోతుంది. అందులో తన సొంత జీతం ఉన్నా తీసుకోలేదు.

అన్నయినా, మేనమామయినా సరే, కార్డు రహస్య నంబరు చెప్పకూడదు. ఫోనుకు వచ్చే ఓటీపీ బ్యాంకు పేరు చెప్పి అడిగినా ఇవ్వకూడదు. బ్యాంకువాళ్లు దాన్ని అడగరు. పొరపాటున చెప్పి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. తెల్లారనిద్దాం అనుకోకూడదు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలు.