పరదేశ సహాయము: సాధ్యమైన ప్రమాణము

గోపురము కట్టబూనువాడు ముందుగా కూర్చుండి వ్యయమును లెక్క చూచుకొనవలెనని సువార్తయందలి ఉపమానము మనకు బోధించుచున్నది. ఈ నీతి వ్యక్తులకేగాక ప్రభుత్వములకును వర్తించును. ధనికదేశములు బీదదేశములకు ఏటేట నెంత సహాయము చేయవలెనను ప్రశ్నను మన మీ దృష్టితో విచారింతము.

1958వ సంవత్సరమున ప్రపంచ క్రైస్తవసంఘముల మండలి, సంపన్నదేశములు తమ ఆదాయములో నూటికి ఒకవంతు ఇయ్యవలెనని సూచించెను. కెనడా మాజీ ప్రధానమంత్రి లెస్టర్ పియర్సన్ అధ్యక్షుడుగా నున్న సంఘము 1969లో తన నివేదికను ప్రకటించెను. ప్రభుత్వసహాయము జాతీయాదాయములో నూటికి 0.7 వంతు ఉండవలెననియు, 1975 నాటికి, ఎంత యాలస్యమైనను 1980 నాటికి, దానిని నెరవేర్పవలెననియు అందు చెప్పబడెను. 1970 అక్టోబరు 24వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ యీ ప్రమాణమును ఆమోదించెను. విద్యార్థులకు సుబోధకముగా చెప్పవలెనన్న, వేయి రూపాయలు గలవాడు ఏడు రూపాయలు ఇచ్చుటయే యిది.

స్వీడను, నార్వే, డెన్మార్కు దేశములు 1980వ సంవత్సరమునకు ముందే యీ మెట్టు నెక్కినవి. కావున నిది అసాధ్యమని చెప్పుటకు వీలులేదు. అయినను 2023లో దాతలైన దేశములన్నియు కలిసి యిచ్చినది వాని ఆదాయములో నూటికి 0.37 వంతు మాత్రమే.

బ్రిటను చరిత్ర మనకు మంచి పాఠము. ఆ దేశము 1974లో ఈ ప్రమాణమును అంగీకరించి, 2013లోగాని నెరవేర్పలేదు. 2015లో దానిని శాసనముగా చేసెను. కాని 2021లో 0.5కు తగ్గించెను, 2027 నాటికి 0.3కు తగ్గింతుమని 2025లో ప్రకటించెను. లెక్క తప్పినప్పుడు మంత్రి పార్లమెంటునకు కారణము తెలుపవలెననుటకంటె గట్టి నిర్బంధ మా శాసనమునందు లేదు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినవి మూడు కలవు. మొదటిది: ప్రమాణము ఆదాయములో నొక వంతుగా నున్నందున, ఆదాయము తగ్గినప్పుడు ఇయ్యవలసిన మొత్తమును దానంతట అదియే తగ్గును. కనుక కష్టకాలమున వంతునుగూడ తగ్గించినచో బీదలకు రెండుమారులు నష్టము కలుగును. రెండవది: గమ్యమును మాత్రము చెప్పి ఊరకొనక, ఏయేట నెంత పెంచవలెనో ముందుగా నిర్ణయింపవలెను. ఏడాది చివర లెక్క సరిపెట్టుటకై తొందరపడి వ్యయము చేయుట సహాయము కానేరదు. మూడవది: దేనిని సహాయముగా లెక్కింపవచ్చునో చూడవలెను. 2022లో బ్రిటను లెక్కచూపిన సహాయములో నాలుగవ వంతుకంటె నెక్కువ, తన దేశమున చేరిన శరణార్థుల పోషణకే వ్యయమయ్యెను. వారిని ఆదరించుట ధర్మమే. కాని ఆ ధనము దూరదేశపు వైద్యశాలకు చేరలేదు.

సగము కట్టి విడిచిన గోపురమును చూచి జనులు నవ్వుదురు. సగములో నిలిచిన పాఠశాలను చూచి పిల్లలు ఏడ్తురు. కాబట్టి ప్రభుత్వములు చేయగలిగినంతయే చెప్పవలెను, చెప్పినంతయు చేయవలెను. అయితే "చేయగలిగినంత" యను మాట లోభమునకు ముసుగు కాకూడదు. బీదవిధవ వేసిన రెండు కాసులను ఘనముగా నెంచినవాడు, సంపన్నుల సంచులనుగూడ చూచుచున్నాడని మనము మరువకుందుము గాక.