కొత్త కెర్నల్ వేశాక డిస్క్ మౌంట్ కాకపోతే: చేయవలసినవి - చేయకూడనివి

సొంతంగా కాన్ఫిగర్ చేసుకున్న లైనక్స్ కెర్నల్ బూట్ అవుతూనే "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్" అంటూ ప్యానిక్ అయితే గుండె జారిపోతుంది. డిస్కే పోయిందనిపిస్తుంది. కానీ నిన్నటిదాకా బాగా నడిచిన డిస్క్ కెర్నల్ మార్చగానే మొరాయించిందంటే ముందు అనుమానించాల్సింది కొత్త కెర్నల్‌నే. దానికి ఆ డిస్కును చదవడం రాకపోయి ఉండొచ్చు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని నిజంగా పోగొట్టేది ఆ కంగారులో మనం కొట్టే కమాండ్లు. అందుకే చేయకూడనివి ముందు చెబుతాను.

చేయకూడనివి

"రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని కనిపించగానే ఎఫ్‌ఎస్‌సీకేకి మైనస్ వై తగిలించి నడపకండి. డిస్క్ బాగానే ఉన్నా, కెర్నల్‌లో కోడ్‌పేజీ పట్టిక లాంటిది లేకపోతే మౌంట్ కమాండ్ ఇదే మాట అంటుంది. ముందు డీమెసేజ్‌లో చివరి పంక్తులు చదవండి. పరీక్ష తప్పదనుకుంటే మైనస్ ఎన్‌తో, అదీ మౌంట్ కాని పార్టిషన్ మీదే చేయండి. ఎంకేఎఫ్ఎస్ జోలికి అసలే వెళ్లవద్దు.

రెయిడ్ 1 వాడేవారికి ఇంకో ప్రమాదం ఉంది. కొత్త కెర్నల్‌లో ఎండీ డ్రైవర్ లేకపోతే రెయిడ్ పరికరం కనబడదు, విడి డిస్కులు మాత్రం కనబడతాయి. మెటాడేటా చివర్లో ఉండే పాత పద్ధతి రెయిడ్ అయితే అందులో ఒక డిస్క్ మామూలు ఈఎక్స్‌టీ4 లాగే మౌంట్ అయిపోతుంది కూడా. దాని మీద రాశారో, రెండు ప్రతులూ వేరైపోతాయి. ఏది అసలుదో తర్వాత తేల్చడం చాలా కష్టం.

రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. మధ్యలో ఆగిపోయిన ఈఎక్స్‌టీ4 మీద జర్నల్‌ను తిరిగి వర్తింపజేయడానికి కెర్నల్ అప్పుడు కూడా రాస్తుంది. ఒక్క బైటూ కదలకూడదంటే నోలోడ్ ఆప్షన్ కూడా కావాలి. ఇక హైబర్నేట్ చేసిన సిస్టమ్‌ను కొత్త కెర్నల్‌తో లేపకండి. అది డిస్క్‌ను మౌంట్ చేసి మార్చాక పాత ఇమేజ్ నిద్రలేస్తే ఫైల్ సిస్టమ్ ఛిద్రమవుతుంది.

చేయవలసినవి

ప్యానిక్ తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. బ్రాకెట్లలోని రెండు అంకెలే సగం జవాబు. (0,0) అని ఉంటే రూట్ పరికరమే దొరకలేదని అర్థం: సాటా డిస్క్‌కు ఏహెచ్‌సీఐ, కొత్త ఎస్‌ఎస్‌డీకి ఎన్‌వీఎంఈ, వర్చువల్ మెషీన్‌కు వర్ట్‌ఐఓ డ్రైవర్ లేకపోయుండాలి, లేదా ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ తయారు కాకపోయుండాలి. (8,1) లాంటిది ఉంటే డిస్క్ దొరికింది, పార్టిషనూ దొరికింది. అప్పుడు ఫైల్ సిస్టమ్ డ్రైవర్ వైపు చూడండి. ఆ పైనే కెర్నల్ తనకు కనబడిన పార్టిషన్ల జాబితా కూడా వేస్తుంది, దాన్ని వదలకండి.

ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ లేకుండా బూట్ చేస్తున్నారా? అయితే డిస్క్ కంట్రోలర్, రూట్ ఫైల్ సిస్టమ్ రెండూ 'ఎమ్' కాదు, 'వై'గా ఉండాలి. మాడ్యూళ్లు ఆ డిస్క్ మీదే ఉన్నప్పుడు డిస్క్ తెరవకుండా వాటిని ఎలా తెస్తుంది? రూట్ చిరునామాను యూయూఐడీతో ఇచ్చినా ఇదే చిక్కు: కెర్నల్‌కు స్వయంగా అర్థమయ్యేది పార్ట్‌యూయూఐడీ. యూయూఐడీని వెతికిపెట్టేది ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్‌లోని ప్రోగ్రాములు.

రూట్ మౌంట్ అయి, బూట్ ఈఎఫ్ఐ దగ్గర ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో పడితే నేను మొదట చూసేవి రెండు. మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేయడం మరిచారా? లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడారా? ఆ సమయంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లనే అది ఉంచుతుంది. వీఫ్యాట్ మిగిలినా, దానికి కావలసిన కోడ్‌పేజీ 437, ఐఎస్ఓ 8859-1 పట్టికలు లేకపోతే ఈఎఫ్ఐ పార్టిషన్ తెరుచుకోదు. చిన్న పట్టిక కోసం మొత్తం బూట్ ఆగుతుంది. ఎక్స్‌టర్నల్ డిస్కుల్లాంటి అత్యవసరం కాని వాటికి ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ రాసుకోండి.

కాన్ఫిగరేషన్‌ను ఖాళీ నుంచి మొదలుపెట్టవద్దు. బూట్ డైరెక్టరీలోని పాత కాన్ఫిగ్ కాపీ చేసుకొని మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడపండి. లోకల్‌వెర్షన్‌లో మీ కెర్నల్‌కు వేరే పేరు పెట్టండి, లేకపోతే అదే వెర్షన్ పాత మాడ్యూళ్ల మీద కొత్తవి వచ్చి పడతాయి. ఒక లైవ్ యూఎస్‌బీ చేతికందేలా ఉంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, పాత కెర్నల్‌ను తీసేయకండి. గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అది ఉందో లేదో కొత్తది బూట్ చేయకముందే చూడండి. కొత్త కెర్నల్ మీద పెన్‌డ్రైవ్, కెమెరా కార్డు, విండోస్ పార్టిషన్, బ్యాకప్ డిస్క్ అన్నీ ఒక్కొక్కటిగా మౌంట్ చేసి చూశాకే పాతదాని సంగతి ఆలోచించండి.