వాలెట్‌లో యూఎస్‌డీటీ ఉన్నా పంపలేకపోతున్నారా? గ్యాస్ ఫీజు లెక్క ఇదీ

వాలెట్‌లో 500 రూపాయల యూఎస్‌డీటీ ఉంది. సెండ్ నొక్కితే 'గ్యాస్ సరిపోదు' అంటోంది. యూపీఐకి అలవాటుపడ్డ మనకు ఇది వింతే. కారణం ఒక్కటే: ఇథీరియంలో టోకెన్ ఏది పంపినా, మామూలు వాలెట్‌లో ఫీజు మాత్రం ఈథర్‌లోనే కట్టాలి.

ఇంకో విషయం, ఫీజు మీరు పంపే మొత్తాన్ని బట్టి ఉండదు. కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సెక్కితే టికెట్ సీటుకే. జేబులో ఎంతుందో కండక్టర్ అడగడు కదా. ఇక్కడా అంతే.

లెక్క చూద్దాం. ఈథర్ మామూలుగా పంపడానికి 21,000 గ్యాస్ యూనిట్లు పడతాయి. యూనిట్ రేటు 20 గ్వెయ్ అయితే ఫీజు 0.00042 ఈథర్. ఒక ఈథర్ 2 లక్షల రూపాయలు అనుకుంటే 84 రూపాయలు. రద్దీ తగ్గి రేటు 2 గ్వెయ్‌కి దిగితే 8 రూపాయల 40 పైసలే. యూఎస్‌డీటీ లాంటి టోకెన్లకు గ్యాస్ ఇంకా ఎక్కువ పడుతుంది.

మరి ఏం చేయాలి?

1. అర్జెంట్ కాకపోతే రేటు తగ్గేదాకా ఆగండి.

2. గ్యాస్ లిమిట్ తగ్గించకండి. మధ్యలో గ్యాస్ అయిపోతే ట్రాన్సాక్షన్ ఫెయిల్ అవుతుంది, ఫీజు మాత్రం పోతుంది.

3. ఆర్బిట్రమ్, బేస్ లాంటి లేయర్-2 నెట్‌వర్క్‌లలో ఫీజు చాలా తక్కువ. కానీ అవతలివాళ్లు అదే నెట్‌వర్క్‌లో తీసుకోగలరో లేదో ముందే అడగండి.

చివరగా ఒక జాగ్రత్త. గ్యాస్ ఫీజును నెట్‌వర్క్ మీ వాలెట్ నుంచే తీసుకుంటుంది. 'ముందు గ్యాస్ ఫీజు పంపు, నీ డబ్బు రిలీజ్ చేస్తాం' అని టెలిగ్రామ్‌లో ఎవరైనా అంటే అది మోసమే. ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.