మనకు ఓటు లేని ఎన్నిక

రాష్ట్రపతి ఎన్నిక వచ్చినప్పుడల్లా ఇంట్లో పిల్లలు "ఎవరు గెలుస్తారో ముందే తెలుసు కదా తాతా" అని పేపరు పక్కన పడేస్తారు. 1969లో అలా పడేసిన ఇల్లు లేదు. నేనప్పుడు అనంతపురంలో బ్యాంకు గుమాస్తాను. ఈ దేశం ఎటు పోతోందని ఆ వేసవిలో జనం పడిన బెంగ దగ్గరుండి చూశాను. దాని నుంచి నాకు బోధపడినవి ఇవి.

1. బెంగ ఒక్క కారణంతో రాదు.

ఆ మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. రాష్ట్రపతి అలా పోవడం దేశానికి అదే మొదలు. మన రాష్ట్రంలోనేమో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, కాల్పులు, మూతపడ్డ కాలేజీలు. జులైలో బెంగుళూరులో కూర్చున్న కాంగ్రెస్ పెద్దలు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఖాయం చేశారు. ప్రధాని ఇందిరాగాంధీ మనసులో ఉన్నది జగ్జీవన్‌రామ్. ఆ వెంటనే మొరార్జీ దేశాయ్ చేతిలోంచి ఆర్థిక శాఖ పోయింది. 19న 14 బ్యాంకులు జాతీయం. ఆ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టిన తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి మర్నాడే రాజీనామా ఇచ్చి, స్వతంత్రుడిగా బరిలోకి దిగారు. రాష్ట్రపతి లేరు, ఉపరాష్ట్రపతి లేరు; సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. ఇన్ని ఒక్కసారి మీద పడితే ఎవరికైనా కాళ్ల కింద నేల కదులుతుంది.

2. "మనవాడు" అనుకోవడం మొదలుపెడితే ఆలోచన సగంలో ఆగుతుంది.

సంజీవరెడ్డి మా జిల్లా ఇల్లూరు మనిషి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు, కార్మిక నాయకుడు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదంపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని కేంద్ర మంత్రి పదవినే వదులుకున్నాడు. మా యూనియన్‌లో ఆయనంటే దేవుడు. మూడో ప్రధాన అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్ మన దుర్గాబాయమ్మ భర్త! అంటే ఎటు తిరిగినా మనవాళ్లే. జిల్లా అభిమానం ఒక పక్కకు లాగితే, ఉద్యోగం ఇంకో పక్కకు లాగేది. వేరుశనగ వ్యాపారి ఒకాయన కౌంటరు దగ్గర నిలబడి "ఏమప్పా, రేపట్నుంచి నా డబ్బు నాదేనా, ఇందిరమ్మదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు అభ్యర్థి ఏ ఊరివాడన్నది జవాబు కాదు.

3. చట్టంలో ఏముందో ముందు చదువుకోండి.

ఇందిరాగాంధీ "అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయండి" అనగానే కొందరు ద్రోహమన్నారు, కొందరు ధైర్యమన్నారు. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ విప్ చెల్లదు, ఓటు రహస్యం. కాబట్టి ఆమె మాట చట్టానికి విరుద్ధం కాదు. సొంత పార్టీ అభ్యర్థికి ఎదురు తిరగడం మర్యాదేనా అన్నది వేరే సంగతి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టిన జనసంఘ్, స్వతంత్ర పార్టీలను కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప రెండో ప్రాధాన్య ఓట్లు అడగడం ఎంత మర్యాదో ఇదీ అంతే అని నా అభిప్రాయం.

4. రెండో ప్రాధాన్యాన్ని చిన్నచూపు చూడకండి.

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. దేశ్‌ముఖ్ ఓట్లను పంచితే ఎక్కువ భాగం రెడ్డిగారికే వెళ్లాయి. అయినా చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. రెండో ప్రాధాన్యం దాకా వెళ్లి తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే.

5. ఓడినవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో చూడండి.

సంజీవరెడ్డి ఊరికొచ్చి సేద్యం చూసుకున్నారు. గిరి ఎన్నిక చెల్లదన్నవాళ్లు సుప్రీంకోర్టుకెళ్లారు. రెడ్డిగారి మీద పార్లమెంటులో పంచిన నీచమైన కరపత్రం మీదే ముఖ్యమైన వాదన నడిచింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. మా బ్యాంకుల చట్టాన్ని మాత్రం అదే ఏడు ఫిబ్రవరిలో అదే కోర్టు చెల్లదంది. నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్సు వచ్చింది. వీధుల్లోకి రావాల్సిన కోపం కోర్టు మెట్లెక్కింది. నా బెంగ సగం తగ్గింది అక్కడే.

6. గోల ఉన్న ఎన్నిక కంటే గోల లేనిదానికే నేను ఎక్కువ జంకుతాను.

1969 నవంబరులో కాంగ్రెస్ చీలింది. అయినా ప్రభుత్వం పడిపోలేదు. వ్యాపారి డబ్బు వ్యాపారికే ఉంది. మా శాఖలు పల్లెలకూ వెళ్లాయి. 1974లో ఫకృద్దీన్ అలీ అహ్మద్ సునాయాసంగా గెలిచారు. దేశం గురించి ఆ ఎన్నికప్పుడు బెంగపడినవాణ్ని నేను చూడలేదు. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేసింది ఆయనే.

1977లో 37 మంది నామినేషన్లు వేస్తే ఒక్కటే నిలిచింది. సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రెండేళ్లకు మొరార్జీ, చరణ్‌సింగ్ ప్రభుత్వాలు వరసగా పోయాక జగ్జీవన్‌రామ్ తనకు అవకాశమివ్వమన్నారు. రెడ్డిగారు ఇవ్వకుండా 1979 ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. 1969లో ఎవరి పేరును దాటి ఈయన అభ్యర్థి అయ్యారో ఆ మనిషే మళ్లీ ఎదురుగా! ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది మా కట్ట మీద ముసలాళ్లు ఇంకా తేల్చలేదు. నేను తప్పనే అంటాను.

7. ఓటు లేదని ఊరుకోకండి.

ఎమ్మెల్యే ఓటు విలువను 1971 జనాభాతోనే ఇప్పటికీ లెక్కగడుతున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. ఆ అంకె ఆయన సొంతం కాదు, మన తలల లెక్క. ఇప్పటి రాష్ట్రపతి పదవీకాలం 2027 జులైలో ముగుస్తుంది. ఈలోగా మీ ఎమ్మెల్యే పెళ్లికో పరామర్శకో మీ వీధికి వస్తే పింఛను, రోడ్డు అడిగాక ఇదొక్కటి కూడా అడగండి: రాష్ట్రపతిగా ఎలాంటి మనిషికి ఓటేస్తావు, ఎందుకు?