చెప్పకుండా వచ్చేవాళ్లు

జీఎస్టీ తనిఖీ టీమ్ వచ్చే వేళకు ఓనర్ షాపులో ఉండడు. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులోనైనా, ఆటోనగర్‌లోనైనా వాళ్లకు ఎదురుపడేది అకౌంటెంటో, గోడౌన్ ఇన్‌చార్జో. అంటే మనమే. కాబట్టి ఈ విషయాలు ఓనర్ కన్నా మనకే ఎక్కువ తెలిసి ఉండాలి.

ముందు కాగితం అడగండి. జీఎస్టీ చట్టం 67వ సెక్షన్ కింద తనిఖీకి రావాలంటే జాయింట్ కమిషనర్ లేదా అంతకు పై అధికారి ఇచ్చిన ఐఎన్ఎస్-01 ఆథరైజేషన్ ఉండాలి. అందులో సంస్థ పేరు, అడ్రసు, తేదీ చదవండి. వచ్చినవాళ్ల ఐడీ కార్డులు చూసి పేర్లు రాసుకోండి. ఓనర్‌కీ ఆడిటర్‌కీ ఫోన్ చేయండి. అన్నీ సరిగ్గా ఉంటే మాత్రం అడ్డం పడొద్దు. తాళం తీయకపోతే బీరువా పగలగొట్టే అధికారం సోదాకు ఆథరైజేషన్ ఉన్నవాళ్లకు చట్టమే ఇచ్చింది.

అసలు దెబ్బ తగిలేది సాయంత్రం, స్టేట్‌మెంట్ దగ్గర. ఒక హార్డ్‌వేర్ హోల్‌సేలర్ అనుకుందాం. పుస్తకాల్లో స్టాకు 52 లక్షలు, లెక్కపెడితే 46 లక్షలు. తేడా 6 లక్షల్లో 4 లక్షల సరుకు ఇబ్రహీంపట్నంలో సీజన్‌కని అద్దెకు తీసుకున్న గోడౌన్‌లో ఉంది. 2 లక్షలది డెలివరీ చలాన్ మీద పార్టీకి చూపించడానికి వెళ్లింది. ఇవేవీ ఇన్‌చార్జికి చప్పున గుర్తురావు. ‘బిల్లు లేకుండా అమ్మాం’ అని రాసిన కాగితం ముందు పెడితే, ఇంటికి పోతే చాలనుకుని సంతకం పెట్టేస్తాడు. ఇక ఆడిటర్ ఏళ్ల తరబడి ఆ ఒక్క వాక్యానికే జవాబు చెప్పుకుంటూ కూర్చోవాలి.

సమన్లు ఇచ్చి 70వ సెక్షన్ కింద తీసుకునే వాంగ్మూలంలో అబద్ధం చెబితే నేరం. అలాగని తెలియనిది ఊహించి చెప్పమని ఎవరూ అనలేదు. ‘చలాన్ పుస్తకం చూసి చెప్తాను’ అని, ఆ మాటే రాయించండి. గోడౌన్ సంగతి వేరు, అది నిజంగానే మన తప్పు. కొత్త గోడౌన్ తీసుకున్న 15 రోజుల్లో ఆర్‌ఈజీ-14 వేసి రిజిస్ట్రేషన్‌లో చేర్చాలి. అద్దె అగ్రిమెంటు చేతిలో ఉంటే పెద్ద పనేం కాదు. అయినా ఎక్కువమంది వాయిదా వేసేది దీన్నే.

‘ఇప్పుడే కట్టేస్తే గొడవ పోతుంది’ అనే మాట కూడా వినబడుతుంది. సోదా జరుగుతుండగా చెక్కు రూపంలో గానీ నగదుగా గానీ పన్ను వసూలు చేయకూడదని గుజరాత్ హైకోర్టు 2021లో చెప్పింది. పరోక్ష పన్నుల సెంట్రల్ బోర్డు కూడా 2022 మేలో తన అధికారులకు ఇలాంటి సూచనే ఇచ్చింది. స్వచ్ఛందంగా కట్టాలనుకుంటే డీఆర్‌సీ-03 ఉంది. ఆ నిర్ణయం ఓనర్‌ది. ఆయన సంతకం చేసి ఉంచిన చెక్‌బుక్ మీరు బయటికి తీయకండి.

వాళ్లు వెళ్లేముందు పంచనామా చదవండి. తీసుకెళ్లిన ప్రతి రిజిస్టరు, ల్యాప్‌టాప్ నంబరు అందులో ఉండాలి. తీసుకెళ్లిన పత్రాలకు కాపీలు తీసుకునే హక్కు మీకుంది. ఈలోగా ఓనర్ ఫోన్ చేసి ‘వాట్సాప్ చెరిపెయ్’ అంటే చెయ్యొద్దు. సాక్ష్యం చెరిపిన చెయ్యి మీది, మీ తరఫున ఆయన బోనెక్కడు.

చెప్పకుండా వచ్చేవాళ్లలో ఇంకో రకం ఉంది, వాళ్లు గుమ్మం దాకా రారు; మార్కెట్లో షేర్లు కొంటూ కంపెనీనే చేజిక్కించుకుంటారు. కృష్ణ ఒడ్డున వాడపల్లి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న రాశీ సిమెంట్ గుర్తుందా? భీమవరం దగ్గరి కుముదవల్లికి చెందిన బి.వి.రాజు దాని ప్రమోటరు. ఇండియా సిమెంట్స్ మార్కెట్లో వాటా కూడబెట్టుకుని 1998లో షేరుకు 300 రూపాయలకు ఓపెన్ ఆఫర్ ప్రకటించింది. మొదట ప్రతిఘటించిన రాజు చివరికి తన సుమారు 32 శాతం వాటా వాళ్లకే అమ్మేశారు. మూడో వంతుకు దగ్గరగా ఉంది కదా అనుకుంటే, మిగతాది ఎవరి చేతుల్లోకి పోతోందన్నదే కథ నడిపింది.

ఇప్పుడు రూల్సు మారాయి. 2011 సెబీ నిబంధనల ప్రకారం ఎవరి వాటా అయినా 5 శాతానికి చేరితే ఆ సంగతి రెండు పనిదినాల్లో బయటికి రావాలి. 25 శాతానికి చేరితే ఇంకో 26 శాతానికైనా ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. అయితే 4.9 శాతం చొప్పున నాలుగు పేర్లతో కొంటే? వాళ్లు కూడబలుక్కున్నారని తేలితే అంతా ఒకే లెక్క. తేల్చాలంటే మాత్రం ఎవరో ఒకరు చూస్తుండాలి. లిస్టెడ్ కంపెనీ సెక్రటేరియల్ సెక్షన్‌కు వారం వారం బెన్‌పోస్, అంటే ఎవరి ఖాతాలో ఎన్ని షేర్లున్నాయో చూపే జాబితా, వస్తుంది. చాలాచోట్ల అది మెయిల్‌లోనే పడుంటుంది. పోయిన వారం ఫైలుతో పోల్చి, కొత్తగా పెరిగిన పేర్లు, ఒకే అడ్రసున్న ఖాతాలు విడిగా తీసి పైవాళ్లకు పంపండి. చదవకపోయినా సరే, పంపినట్టు మెయిల్ ఉంటుంది.

మన డెల్టాలో ఎక్కువగా ఉన్న కుటుంబ ప్రైవేటు కంపెనీలకు రక్షణ ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లోనే ఉంటుంది. అన్నదమ్ముల్లో ఒకరు బయటివాళ్లకు అమ్మితే బదిలీని ఆపాలన్నా, కారణాలతో తిరస్కరణ నోటీసు 30 రోజుల్లో పంపాలి. షేర్ల బదిలీ పత్రం ఎస్‌హెచ్-4 అందిన తేదీ ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించకపోతే ఆ లెక్కే తెగదు.

బెన్‌పోస్‌లో కదలిక కనిపెట్టాక మన కంపెనీ షేర్లు నాలుగు కొనాలనిపిస్తుంది. కొనకండి. షేరు ధరను కదిలించగల, బయటికి రాని సమాచారంతో కొంటే ఇన్‌సైడర్ ట్రేడింగ్. భార్య పేరుతో కొన్నా, బావమరిది డీమ్యాట్‌లో కొన్నా సెబీ ఆరా మీ దాకా వస్తుంది.