పని తెలిసినవాళ్లను వర్క్‌షాపుకు పిలవండి

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మిల్లు ఫిట్టర్లు, టర్నర్లు, బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్లు, పంపు చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పగలిగినవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. అప్పుడు నలభై ఐదేళ్లున్న ఫిట్టరుకు ఇప్పుడు యాభై ఐదు దాటాయి. మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో అలాంటివాళ్ల కోసం వెతికితే దొరుకుతారు. మరోపక్క ఒక్క పంపు విప్పి చూడకుండానే రెండేళ్ల ఫిట్టర్ ట్రేడ్ ముగించే పిల్లలున్నారు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో, పీజీ కాలేజీల్లో పాఠాలు చెప్పే మిత్రులారా, ఈ ఇద్దరినీ కలపడం మీ చేతిలో ఉంది.

పిలిచినవాళ్ల చేతికి మైకు ఇవ్వకండి. పాత పంపు ఒకటి బల్ల మీద పెట్టి, విప్పి మళ్లీ బిగించమనండి. మీరు పక్కనే నిలబడి ‘ఇక్కడ ఎందుకు ఆగారు?’, ‘ఈ బోల్టు ముందు ఎందుకు వదులు చేశారు?’ అని అడుగుతూ ఉండండి. ముప్పై ఏళ్లు చేసిన మనిషికి తన చెయ్యి ఏం చేస్తోందో తనకే తెలియదు. దాన్ని మాటల్లోకి తేవడమే ఇన్‌స్ట్రక్టర్ పని.

అలా విన్నది మూడు గడుల్లో రాసుకోండి: అడుగు, కీలకం, కారణం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్త కార్మికులకు త్వరగా పని నేర్పడానికి వాడిన పద్ధతి దీనికి మూలం. గ్రైండింగ్ రాయి బిగించడమే తీసుకోండి. అడుగు, రాయిని కడ్డీకి వేలాడదీసి చెక్క పిడితో తట్టడం. కీలకం, చప్పుడు వినడం: ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే పగులుంది. కారణం, పగులున్న రాయి తిరుగుతూ ముక్కలై ఎగిరితే ప్రాణమే పోవచ్చు. ఈ మూడో గడి చెప్పకపోతే పిల్లలు రెండో గడిని వారం తిరక్కుండా మరిచిపోతారు. ఆ తర్వాత విద్యార్థి పని చేస్తూ కారణాలు తనే పైకి చెప్పాలి. అది పూర్తయ్యాకే అతన్ని ఒంటరిగా వదలండి.

సిరిసిల్లలో అయితే సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే జాబర్లు ఉన్నారు. సాంచె ఆగిందంటే ఆసామి ఎదురుచూసేది వాళ్ల కోసమే. శిక్షణలో కొంత భాగం పరిశ్రమలోనే జరిగే ద్వంద్వ శిక్షణ విధానం మన ఐటీఐలకు 2016లో వచ్చింది. దానికి కావలసిన ఒప్పందానికి పెద్ద కంపెనీ దొరకలేదని ఊరుకోవద్దు. ఇద్దరిద్దరు విద్యార్థులను వంతులవారీగా జాబర్ వెంట పంపవచ్చు.

పరీక్ష సంగతి మరీ ముఖ్యం. జగిత్యాల ప్రాంతం నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకు ట్రేడ్ టెస్ట్ అంటే ఏమిటో తెలుసు. అక్కడ రికార్డు పుస్తకం అడగరు. స్టార్-డెల్టా స్టార్టర్ వైరింగ్ ఇచ్చి గడియారం చూస్తారు. అదే పరీక్ష మీరే చివరి మూడు నెలల్లో వారానికోసారి పెట్టండి. రికార్డులో సంతకాలకు పోయే సమయంలో సగం దీనికి చాలు.

పీజీలో లోపం ప్రాజెక్టు దగ్గర బయటపడుతుంది. డబ్బిచ్చి తెచ్చిన రిపోర్టుతో ఎంటెక్ ముగించినవాడే రేపు లెక్చరర్ అవుతాడు, మళ్లీ అదే నేర్పుతాడు. జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీకి సిరిసిల్ల ఏమంత దూరం కాదు. సాంచెల షెడ్డుల్లో చిన్న ఇండక్షన్ మోటార్లు తక్కువ లోడుతో తిరిగితే పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. ఒక షెడ్డులో కొలిచి, ఎంత కెపాసిటర్ పెట్టాలో లెక్కగట్టి, పెట్టాక మళ్లీ కొలిచిన ప్రాజెక్టును ఎవరూ అమ్మలేరు, కొనలేరు. గైడు కూడా ఒక్కసారైనా ఆ షెడ్డుకు వెళ్లాలి.

టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని రాష్ట్ర ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. కొత్త యంత్రాలు మంచివే. వాటి ముందు నిలబెట్టే విద్యార్థికి వెర్నియర్ తప్పులేకుండా చదవడం వచ్చిందో లేదో ముందు చూసుకోండి.

ఈ నెలలోనే ఒక్కరినైనా పిలవండి. బస్సు ఖర్చులు, రోజు కూలికి తగ్గని గౌరవ వేతనం గురించి ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. పని మానుకుని వచ్చిన మనిషిని శాలువాతో సరిపెట్టి పంపకండి.