వేరు మీద బుడిపెలు: నులిపురుగు మొక్క హార్మోన్‌ను ఎలా వాడుకుంటుంది?

టమాటా, వంగ, బెండ వేసినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: "నీళ్లున్నాయి, జీవామృతం ఇస్తున్నాం, అయినా మధ్యాహ్నానికి మొక్క వాడిపోతోంది, ఆకు పసుపెక్కుతోంది. ఎందుకండీ?" అలాంటి మొక్కను మట్టితో సహా పెకిలించి వేరు చూడండి. వీడియోలో చూపించినట్టు వేరే ఉబ్బి ముడులు ముడులుగా ఉంటే అది వేరుముడి నులిపురుగు పని.

దీని పిల్ల కంటికి కనబడదు. వేరు కొన దగ్గర దూరి, నీరు, ఆహారం మోసే నాళాల పక్కన స్థిరపడుతుంది. సూది లాంటి నోటితో కొన్ని కణాల్లోకి తన స్రావం ఎక్కిస్తుంది. అసలు కథ ఇక్కడే మొదలు.

మొక్కలో ఆక్సిన్ అనే హార్మోన్ ఉంటుంది. కణంలో కొన్ని ప్రోటీన్లు పెరుగుదలకు బ్రేకు వేసి ఉంచుతాయి. ఆక్సిన్ అందగానే అవి విరిగిపోయి, పెరుగుదల జన్యువులు పనిలోకి దిగుతాయి. పక్కవేర్లు పుట్టేది ఈ సంకేతంతోనే. పురుగు దాన్నే తనకు అనువుగా మలుచుకుంటుంది. అది కూర్చున్నచోట ఆక్సిన్ పోగవుతుంది. ఐదారు కణాలు రెండుగా చీలకుండానే, లోపల కేంద్రకాలు పదులకొద్దీ పెరిగి రాక్షస కణాలవుతాయి. చుట్టుపక్కల కణాలు కూడా పెరిగి బుడిపె కడుతుంది. రాక్షస కణాలే పురుగుకు అన్నం కుండ. అందుకే ఎంత టానిక్ పోసినా బుడిపె తగ్గదు. అక్కడ లోటు ఎరువుది కాదు.

ఒక జాగ్రత్త. పెసర, మినుము వేర్ల మీద నత్రజని బుడిపెలు ఉంటాయి. అవి వేరుకు పక్కన అంటుకుని ఉంటాయి, వేలితో రుద్దితే ఊడతాయి, కోస్తే లోపల గులాబీ రంగు. అవి మన నేస్తాలు. నులిపురుగు బుడిపె ఊడదు, ఎందుకంటే ఉబ్బింది వేరే.

ఏం చేయాలి?

1. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. పంట అయ్యాక బుడిపె వేర్లను పీకి కాల్చేయండి. ఆచ్ఛాదనగా, కంపోస్టుగా వాడొద్దు.
2. నారు కొనేముందు వేరు చూడండి. పురుగు నారుమట్టితో కూడా పొలానికి వస్తుంది.
3. బంతిని గట్ల మీద నాలుగు మొక్కలు కాదు, రెండు నెలలు పూర్తి పంటగా వేయండి. దాని వేర్లలో పురుగు బతకలేదు.
4. ఆఖరి దుక్కిలో వేపపిండి వేయండి.
5. తట్టుకునే టమాటా రకాలున్నాయి. కానీ వాటి రక్షణ జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోతుంది. మన ఎండాకాలంలో దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఈసారి మొక్క వాడితే ముందు వేరు చూడండి, తర్వాతే మందు సంగతి.